కీమో 97 శాతం ఫెయిల్ అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది, ఒక్కో ముక్కకీ జవాబు

కొన్నాళ్లు మాయమైపోయి మళ్లీ తిరిగొచ్చే మెసేజ్ ఒకటుంది, మీక్కూడా వచ్చే ఉంటుంది. అందులో ఉండేది ఇదీ: కీమో 97 శాతం కేసుల్లో పనిచెయ్యదు, ఒక మందు పనిచెయ్యదు కాబట్టే రెండు మూడు కలిపి ఎక్కిస్తారు, ఎన్ని కలిపితే కంపెనీకి అంత లాభం, ట్రయల్ (మందుని పేషెంట్లకిచ్చి పోల్చి చూసే పరీక్ష) అంటే పేషెంట్లని ఎలకల్లా వాడుకోవడం, అందులో సగం మందికి ఉత్త బిళ్లలిచ్చి చావుకి వదిలేస్తారు, డాక్టర్లు మాత్రం తమకి క్యాన్సర్ వస్తే కీమో జోలికి పోరు, కీమో మస్టర్డ్ గ్యాస్ నుంచి పుట్టిన విషం, ట్రయల్‌కి ఒకసారి సంతకం పెడితే బయటికి రాలేరు. చివర్లో మామూలే, పది మందికి పంపండి. క్యాన్సర్ అని నిన్నో మొన్నో తెలిసిన ఇంటికి ఇది చేరితే ఏమవుతుందో ఆలోచించండి, వచ్చే వారం మొదటి సైకిల్, అంటే మొదటి విడత కీమో అని డేట్ కూడా ఇచ్చి ఉంటారు, ఇది చదివి మానేసేవాళ్లున్నారు. అందుకే ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం. ఇందులో కొన్ని మాటల వెనక నిజమైన పేపర్లే ఉన్నాయి, అన్నీ గాల్లోంచి పుట్టినవి కావు, అదే అసలు తలనొప్పి.

"97 శాతం ఫెయిల్" దగ్గర మొదలుపెడదాం. ఈ అంకె 2004లో క్లినికల్ ఆంకాలజీ అనే జర్నల్‌లో ఆస్ట్రేలియా వాళ్లు ముగ్గురు రాసిన పేపర్‌లోంచి వచ్చింది. పెద్దవాళ్లకి వచ్చే 22 రకాల క్యాన్సర్లు తీసుకుని, పేషెంట్లు 5 ఏళ్లు బతకడంలో కీమో వాటా ఎంత అని లెక్కేస్తే ఆస్ట్రేలియాలో 2.3 శాతం, అమెరికాలో 2.1 శాతం అని తేలింది. దాన్ని 100లోంచి తీసేసి మిగిలిందంతా ఫెయిల్ అని ఎవరో రాశారు, అక్కణ్నించి అది అలా తిరుగుతూనే ఉంది. కానీ ఆ భాగహారంలో కింద ఉన్నది కీమో తీసుకున్నవాళ్ల సంఖ్య కాదండీ, ఆ 22 రకాలు వచ్చిన అందరి సంఖ్య. ఆపరేషన్‌తోనే నయమైపోయి కీమో మొహమే చూడనివాళ్లు, రేడియేషన్‌తో తగ్గినవాళ్లు, అసలు కీమో ఇవ్వాల్సిన అవసరమే లేని స్టేజ్‌లో దొరికినవాళ్లు, అందరూ అందులో ఉన్నారు. జ్వరం వచ్చినవాళ్లందర్నీ కింద వేసి, పైన మలేరియా మందుతో బతికినవాళ్లని మాత్రమే వేస్తే మలేరియా మందు కూడా వేస్ట్ అనే వస్తుంది.

పైగా ఏం వదిలేశారో చూడండి. లుకేమియాలు (రక్త క్యాన్సర్లు) లెక్కలో లేవు, పిల్లల క్యాన్సర్లు లేవు, అంటే కీమో బ్రహ్మాండంగా పనిచేసే రెండు పెద్ద గుంపులూ బయటే. అదే పేపర్‌లో కొంచెం కిందకెళ్తే వృషణాల క్యాన్సర్‌లో కీమో వాటా 40 శాతం దగ్గర, హాడ్జ్‌కిన్ లింఫోమాలో (లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌లో ఒక రకం) 35 శాతం పైన అని వాళ్లే ఇచ్చారు, మెసేజ్ రాసినాయన అంత కిందకి వెళ్లినట్టు లేడు. ఇంకోటి, వాళ్లు కొలిచింది 5 ఏళ్ల గీత దాటారా లేదా అన్నదొక్కటే, కాబట్టి ఆరు నెలలే అనుకున్న మనిషి కీమోతో మూడేళ్లు బతికితే ఆ లెక్కలో అది సున్నా. ఆ పేపర్ వచ్చినప్పుడే తోటి డాక్టర్లు ఈ పద్ధతి మీద గట్టిగానే గొడవపడ్డారు.

వదిలేసిన ఆ పిల్లల సంగతి చెప్పుకోకపోతే ఈ చర్చకి అర్థం లేదు. 1948లో అమెరికాలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ అమినోప్టెరిన్ అనే ఒకే మందుతో లుకేమియా పిల్లల్లో రోగం వెనక్కి తగ్గిందని చూపించాడు, కానీ కొన్ని నెలలే, మళ్లీ వచ్చేసేది. 1960ల్లో నాలుగేసి మందులు కలిపి ఇవ్వడం మొదలెట్టారు, విన్‌క్రిస్టిన్, మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్. తర్వాత ట్రయల్ మీద ట్రయల్, ఏది ముందు ఇవ్వాలి, ఎంత డోస్, ఎన్నాళ్లు, మెదడుకి రేడియేషన్ లేకుండా గడుస్తుందా అని ఒక్కో ప్రశ్నా తేల్చుకుంటూ వచ్చారు. మంచి వైద్యం అందే చోట ఇవాళ ఆ రోగం వచ్చిన పిల్లల్లో 90 శాతం దాకా బతుకుతున్నారు, వాళ్లకిచ్చే మందుల్లో చాలావరకు ఆ పాతవే. మారింది ముఖ్యంగా కలిపే పద్ధతి.

"ఒక మందు పనిచెయ్యదు కాబట్టే కలుపుతారు". ఇది సగం నిజం, కానీ ఆయన అనుకున్న అర్థంలో కాదు. ఒక సెంటీమీటరు గడ్డలో సుమారు 100 కోట్ల కణాలుంటాయని లెక్క. అందులో పది లక్షలకి ఒకటి ఫలానా మందుకి లొంగనిది ఉందనుకోండి, మందు ఎంత బాగా పనిచేసినా వెయ్యి కణాలు మిగిలిపోతాయి, స్కాన్‌లో గడ్డ కనపడదు, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, కొన్నాళ్లకి ఆ వెయ్యే పెరిగి తిరిగొస్తాయి, ఈసారి ఆ మందుకి అస్సలు లొంగవు. వేరే దారిలో చంపే రెండో మందుని మొదట్నించీ పక్కనే ఇస్తే, రెండిటికీ లొంగని కణం లక్ష కోట్లకి ఒకటి, 100 కోట్ల గడ్డలో అది ఉండే ఛాన్స్ చాలా తక్కువ. నిజం గడ్డలు ఇంత లెక్కగా ఉండవనుకోండి, ఒకే మార్పుతో నాలుగైదు మందుల్ని బయటికి తోసేసే కణాలు కూడా ఉంటాయి, అయినా మూల ఆలోచన ఇదే, టీబీకి ఒకేసారి మూడు నాలుగు మందులు ఇచ్చేది కూడా ఇందుకే. దీనికి తోడు ఇంకో సంగతి, 2017లో సెల్ జర్నల్‌లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం చాలా కాంబినేషన్లలో మందులు ఒకదానికొకటి బలమివ్వడం కన్నా, ఒకరికి ఒక మందు పడితే ఇంకొకరికి ఇంకోటి పడటం వల్లే లాభం ఎక్కువ కనపడుతోంది. అంటే "కలిపితే పవర్ పెరుగుతుంది" అని ప్రతి కాంబినేషన్‌కీ డప్పు కొట్టడం కూడా కరెక్ట్ కాదు.

ఏవి పడితే అవి కలపరు కూడా. ఒక్కోటీ విడిగా ఎంతోకొంత పనిచెయ్యాలి, దారులు వేరుగా ఉండాలి, సైడ్ ఎఫెక్ట్స్ ఒకే అవయవం మీద పడకూడదు, ఒకటి తెల్లరక్తకణాల్ని దెబ్బతీస్తే ఇంకోటి నరాలమీద, అలా ఉంటేనే రెండిటినీ సరైన డోస్‌లో ఇవ్వగలరు.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే ముక్క, "ఎన్ని మందులు కలిపితే అంత లాభం, అందుకే కలుపుతూ పోతారు". లింఫోమా కథ వినండి. 1970ల నుంచి నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమాకి చాప్ అనే నాలుగు మందుల కాంబినేషన్ ఉంది. 1980లకొచ్చేసరికి ఆరేసి, ఎనిమిదేసి మందులతో కొత్త కాంబినేషన్లు తయారయ్యాయి, ఎవరి సెంటర్‌లో వాళ్లు ఇచ్చి చూసుకుని చాప్ కన్నా చాలా మెరుగు అని పేపర్లు రాశారు, అందరూ అటే పరిగెత్తారు. అప్పుడు చాప్‌నీ, మూడు కొత్త కాంబినేషన్లనీ ఎదురెదురు పెట్టి, 899 మంది పేషెంట్లని లాటరీ పద్ధతిలో నాలుగు గ్రూపులు చేసి ట్రయల్ నడిపారు, 1993లో ఫలితం వచ్చింది. బతకడంలో తేడా లేదు! మందుల దెబ్బకే చనిపోయినవాళ్లు మాత్రం చాప్‌లో 1 శాతం, మిగతావాటిలో 3, 5, 6 శాతం. దాంతో ఆ భారీ కాంబినేషన్లు పక్కకెళ్లి చాప్ మళ్లీ ముందుకొచ్చింది. మరి అంతకుముందు అంత గొప్పగా ఎందుకు కనపడ్డాయంటే, ఒకే సెంటర్‌లో చేసేటప్పుడు కాస్త వయసు తక్కువ, కాస్త ఒంట్లో బలం ఉన్నవాళ్లే ఎక్కువ చేరతారు, వాళ్లు ఏ మందిచ్చినా కొంత బాగానే ఉంటారు. పక్కన పోల్చే గ్రూపు లేకపోతే అది మందు గొప్పో మనిషి గొప్పో తెలీదు. ఇక్కడ అనవసరమైన మందుల్ని ఆపింది ట్రయలే, మెసేజ్ తిట్టేది కూడా దాన్నే.

ఇదొక్కటే అనుకోకండి. హాడ్జ్‌కిన్ లింఫోమాలో మాప్ అనే నాలుగు మందులతో 80 శాతం మందిలో రోగం పూర్తిగా కనపడకుండా పోయిందని 1970లో రాస్తే అదే అద్భుతం అనుకున్నారు, కానీ పిల్లలు పుట్టకపోవడం, కొన్నేళ్లకి లుకేమియా రావడం లాంటివి దాంతో వచ్చేవి, 1992లో ఇంకో పెద్ద ట్రయల్ ఏబీవీడీ అనే వేరే నాలుగు మందులు మాప్ కన్నా మెరుగ్గా రోగాన్ని అదుపులో ఉంచుతూ రక్తకణాల్ని తక్కువ దెబ్బతీస్తాయని తేల్చాక మాప్ పక్కకెళ్లిపోయింది. పెద్దపేగు క్యాన్సర్ మూడో స్టేజ్‌లో ఆపరేషన్ తర్వాత 6 నెలల కీమో ఇచ్చేవాళ్లు, అందులోని ఆక్సాలిప్లాటిన్ అనే మందు వల్ల చేతులూ కాళ్లూ తిమ్మిర్లెక్కి కొందరికి అవి ఏళ్ల తరబడి పోవు, 12 వేల మందికి పైగా పేషెంట్లున్న 6 ట్రయల్స్‌ని కలిపి చూసి 2018లో చెప్పిందేంటంటే రిస్క్ తక్కువున్నవాళ్లకి, ముఖ్యంగా కేపాక్స్ అనే కాంబినేషన్ అయితే, 3 నెలలు సరిపోతుందని. అంటే సగం మందు అమ్మకం పోయినట్టు. అదే ఏడాది 10 వేల మందికి పైగా ఆడవాళ్లతో నడిచిన బ్రెస్ట్ క్యాన్సర్ ట్రయల్ ఇంకా ముందుకెళ్లి, చంకలోని గ్రంథులకి పాకని, హార్మోన్ మందులకి లొంగే రకంలో, రోగం తిరిగొచ్చే ఛాన్స్ చెప్పే జీన్ టెస్ట్ స్కోర్ మధ్యలో ఉన్నవాళ్లలో చాలామందికి అసలు కీమోయే అక్కర్లేదు, హార్మోన్ మాత్రలు చాలు అని తేల్చింది, 50 ఏళ్ల లోపు కొందరికి మాత్రం కీమోతో కొంత లాభం ఉందని అందులోనే చెప్పారు. మందులు అమ్ముకోడానికే ట్రయల్స్ అయితే ఇవన్నీ ఎందుకు చేసినట్టు?

ట్రయల్ లేకుండా నమ్మకం మీద పోతే ఏమవుతుందో కూడా ఒక ఉదాహరణ ఉంది. 1990ల్లో బ్రెస్ట్ క్యాన్సర్‌కి విపరీతమైన డోస్‌లో కీమో ఇచ్చి, దాంతో చచ్చిపోయిన ఎముకల మూలుగుని సొంత మూలకణాలతో నింపే ట్రీట్‌మెంట్ వేలమంది ఆడవాళ్లకి చేశారు, పేషెంట్లే ఇన్సూరెన్స్ మీద కోర్టుకెళ్లి మరీ చేయించుకున్నారు, అంత నమ్మకం. 1999 నుంచి ట్రయల్స్ ఫలితాలు వరసగా వచ్చాయి, మామూలు డోస్ కన్నా ఎక్కువ బతకలేదని. బాగా పనిచేసిందని చెప్పిన దక్షిణాఫ్రికా ట్రయల్ లెక్కలు తప్పుడువని 2000లో దొరికిపోయింది. అంతటితో ఆ పద్ధతి దాదాపు ఆగిపోయింది.

"సగం మందికి ఉత్త బిళ్లలు". క్యాన్సర్ ట్రయల్స్‌లో పనిచేసే మందు ఉండగా దాన్ని ఆపేసి ఉత్త బిళ్ల ఇవ్వడం నైతికంగా కుదరదు. ప్లాసిబో, అంటే మందులేని ఉత్త బిళ్ల, వాడినా మామూలు ట్రీట్‌మెంట్ ఇద్దరికీ ఇచ్చి, దాని మీద అదనంగా ఒకరికి కొత్త మందు, ఇంకొకరికి ప్లాసిబో ఇస్తారు. ఏ ట్రీట్‌మెంటూ లేని గ్రూపు ఎప్పుడుంటుందంటే, ఆ దశలో ఏమీ ఇవ్వకపోవడమే మామూలు పద్ధతైనప్పుడు. ఇటలీలో మిలాన్ డాక్టర్లు 1976లో రాసిన ట్రయల్ అలాంటిదే, గ్రంథులకి పాకిన బ్రెస్ట్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక సగం మందికి మూడు మందుల కీమో, సగం మందికి ఏమీ లేదు, ఎందుకంటే అప్పటికి ఆపరేషన్ తర్వాత మామూలుగా కీమో ఇచ్చేవాళ్లు కాదు. ఆ 386 మంది వల్లే తర్వాతివాళ్లకి ఇవ్వాలని తెలిసింది.

ఈ మధ్యది కావాలంటే పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ చూడండి. బాగా పాకిపోయినవాళ్లు 342 మంది, సగానికి అప్పటిదాకా ఇస్తున్న జెమ్‌సిటబిన్ అనే ఒక మందు, సగానికి ఫోల్ఫిరినాక్స్ అనే కాంబినేషన్, 2011లో వచ్చిన ఫలితంలో బతికిన కాలం (మధ్యస్థ లెక్కన) 6.8 నెలలకి బదులు 11.1 నెలలు. మధ్యలో లెక్క చూసినప్పుడే తేడా తేలడంతో కొత్తవాళ్లని చేర్చుకోవడం ఆపేశారు, ప్రతి పెద్ద ట్రయల్‌కీ బయటి నిపుణుల కమిటీ ఒకటి ఉండేది అందుకే. సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం బాగా ఎక్కువ, పైగా ఆ ట్రయల్‌లో ఉన్నది 75 ఏళ్ల లోపు, లేచి తిరగ్గలిగే ఓపికున్నవాళ్లు, కాబట్టి మంచం పట్టిన పెద్దాయనకి అదే అంకె చెప్పి ఆశ పెట్టకూడదు. మెసేజ్ రాసినాయనకి నిజంగా విమర్శించాలని ఉంటే ఇలాంటివి పట్టుకోవాల్సింది, ట్రయల్స్‌లో ముసలివాళ్లు తక్కువ, గడ్డ పెరగకుండా ఉన్న నెలలు కొలిచి ఎక్కువ బతుకుతారన్నట్టు చెప్పడం, మొదటి ఫేజ్ ట్రయల్ అసలు పని డోస్ తేల్చడమని పేషెంట్‌కి సరిగ్గా అర్థం కాకపోవడం. ఇవి నిజమైన గొడవలు, వీటి గురించి ఆంకాలజిస్టులే ఒకళ్లతో ఒకళ్లు వాదించుకుంటారు.

"డాక్టర్లే కీమో తీసుకోరు". దీని మూలం 1980ల మధ్యలో కెనడాలో చేసిన ఒక చిన్న సర్వే, జవాబిచ్చింది 79 మంది. అడిగింది అన్ని క్యాన్సర్ల గురించీ కాదు, బాగా ముదిరిన ఒక రకం లంగ్ క్యాన్సర్ వస్తే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఉన్న ట్రయల్స్‌లో మీరు చేరతారా అని. అప్పట్లో సిస్‌ప్లాటిన్ అంటే రోజంతా వాంతులు, ఆ రోగంలో దానివల్ల లాభం ఉందని రుజువూ లేదు, కాబట్టి ఎక్కువమంది వద్దన్నారు, వాళ్ల జాగాలో నేనైనా అదే అనేవాణ్ని. తర్వాత వాంతులు ఆపే ఓండాన్‌సెట్రాన్ వచ్చింది, 1995లో పాత ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే సిస్‌ప్లాటిన్‌తో ఏడాది బతికేవాళ్లు 10 శాతం పెరుగుతారని తేలింది, 1997లో అలాంటి ప్రశ్నే మళ్లీ అడిగితే దాదాపు మూడింట రెండొంతుల మంది తీసుకుంటామన్నారు. రుజువు మారితే డాక్టర్ల మాట మారింది. మెసేజ్‌లోది మాత్రం 1985 దగ్గరే ఆగిపోయింది.

"కీమో మస్టర్డ్ గ్యాస్ నుంచి పుట్టిన విషం". అవును, మొదటి మందు యుద్ధాల్లో వాడిన ఆ విషవాయువు కుటుంబానిదే, 1942లో అమెరికాలో యేల్ యూనివర్సిటీలో మొదటిసారి ఇచ్చారు, యుద్ధం వల్ల కొన్నాళ్లు రహస్యంగా ఉంచినా 1946లో బయటపెట్టారు, పైన చెప్పిన మాప్‌లో కూడా అదుంది. ఎక్కణ్నించి పుట్టిందన్నది కాదు, ఎంత డోస్‌లో ఎవరికి ఇస్తే లాభం నష్టం కన్నా ఎక్కువ అన్నదే ప్రశ్న, అది తేల్చేది ట్రయలే.

ఇంక చివరిది, "ఒకసారి సంతకం పెడితే ఇంతే సంగతులు, బయటికి రాలేరు". ఇది శుద్ధ అబద్ధం. ఏ దశలోనైనా, కారణం చెప్పకుండా కూడా బయటికి రావచ్చు, సమ్మతి పత్రంలో అది రాసి ఉండాలి. వచ్చేసినా మామూలు ట్రీట్‌మెంట్ ఆపకూడదు. ఇది ఏ ఫేజ్, రెండో గ్రూపుకి ఏం ఇస్తున్నారు, కొలిచేది బతికిన కాలమా లేక గడ్డ సైజా, బయటికొస్తే తర్వాత ఏం ట్రీట్‌మెంట్ ఇస్తారు, ఈ నాలుగూ సంతకం పెట్టకముందే అడగండి, జవాబు దాటేస్తే పెట్టకండి.