పార్కింగ్ టికెట్ చింపి పారేయమనే ఫార్వర్డ్‌కి జవాబు

ఇంగ్లండ్‌లో మనవాళ్లు నలుగురున్న ఏ వాట్సాప్ గ్రూపులోనైనా ఏడాదికి ఒకసారైనా ఈ ఫార్వర్డ్ తిరిగొస్తుంది. సూపర్‌మార్కెట్ దగ్గరో జిమ్ దగ్గరో ప్రైవేటు కంపెనీ వేసే పార్కింగ్ టికెట్ అసలు ఫైనే కాదట. బండి ఎవరు నడిపారో వాళ్లు నిరూపించలేరట. సుప్రీంకోర్టు కూడా ఈ టికెట్లను కొట్టేసిందట. వసూలు ఏజెన్సీల నుంచి ఎన్ని ఉత్తరాలొచ్చినా చెత్తబుట్టలో వేస్తే చాలట, కోర్టు దాకా ఎవడూ వెళ్లడట. చివర్లో ఒక ధీమా కూడా ఉంటుంది: పదేళ్లుగా ఒక్క పౌండు కూడా కట్టలేదని.

ఇది నమ్మి దెబ్బతిన్నవాళ్లలో నేనూ ఒకణ్ని. రిటైల్ పార్కులో రెండు గంటలు ఫ్రీ. మా ఆవిడ బట్టల షాపులో, నేను పిల్లాడి బూట్ల దగ్గర. బయటపడేసరికి రెండు గంటల 24 నిమిషాలు. వారం తర్వాత ఉత్తరం వచ్చింది. కారు లోపలికి వచ్చిన ఫోటో, బయటికి వెళ్లిన ఫోటో, వాటి కింద టైం. 14 రోజుల్లో కడితే 60 పౌండ్లు, దాటితే 100. ఫార్వర్డ్ గుర్తొచ్చింది, కాగితం రీసైక్లింగ్ డబ్బాలో పడింది. ఏడాది తిరిగేసరికి కోర్టు కాగితం చేతిలో పట్టుకుని, 180 పౌండ్లకు బేరం కుదుర్చుకుని బయటపడ్డాను. కాబట్టి ఇది కాస్త కడుపుమంటతో రాస్తున్నదే. ఒక్కో మాటే తీసుకుందాం.

‘అది ఫైన్ కాదు, కట్టక్కర్లేదు.’

మొదటి సగం నిజం. కానీ ముందు టికెట్ ఎవరు వేశారో చూడాలి. ఇక్కడ రెండు రకాల పీసీఎన్‌లు ఉన్నాయి. కౌన్సిల్ వేసేది పెనాల్టీ ఛార్జ్ నోటీస్. ప్రైవేటు కంపెనీ వేసేది పార్కింగ్ ఛార్జ్ నోటీస్. పొడి అక్షరాలు మూడూ ఒకటే, చూడ్డానికి కాగితం కూడా అన్నదమ్ముల్లా ఉంటుంది. కౌన్సిల్ నోటీసు వెనక చట్టం ఉంది. దాన్ని పట్టించుకోకపోతే జడ్జి ముందు విచారణ ఏమీ లేకుండానే బాకీ కింద సామాను పట్టుకెళ్లే అధికారం ఉన్న బెయిలిఫ్ వీధిలోకి వస్తాడు. ఫార్వర్డ్‌లో ఈ తేడా గురించి ఒక్క ముక్క లేదు. ఆ ఒక్క లోపానికే దాన్ని డిలీట్ చేసెయ్యొచ్చు.

ప్రైవేటు టికెట్ ఫైన్ కాదు, ఒప్పందం తాలూకు బాకీ. గేటు దగ్గర బోర్డు మీద షరతులు రాసి ఉంటాయి. అది చూసి కారు పెట్టామంటే ఒప్పుకున్నట్టు లెక్క. చేబదులు తిరిగివ్వకపోతే జైల్లో వెయ్యరు, అలాగని బాకీ లేనట్టూ కాదు కదా. ఇదీ అంతే.

‘ఎవరు నడిపారో వాళ్లకి తెలీదు, ఓనర్‌ని ఏమీ చెయ్యలేరు.’

ఒకప్పుడు ఇది మంచి సలహానే. 2012 అక్టోబర్ 1కి ముందు కంపెనీ డ్రైవర్ మీద మాత్రమే పడగలిగేది. డ్రైవర్ ఎవరో చెప్పాల్సిన బాధ్యత కారు కీపర్‌కి, అంటే రికార్డుల్లో కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్లకి లేదు. ఊరుకుంటే కథ అక్కడితో ఆగిపోయేది. అందుకే అప్పట్లో చక్రాలకి తాళాలు వేసి, అక్కడికక్కడే డబ్బు గుంజేవాళ్లు. 2012లో వచ్చిన ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం ప్రైవేటు స్థలాల్లో ఆ తాళాలను నిషేధించింది. దానికి బదులుగా నాలుగో షెడ్యూల్‌లో కంపెనీలకి ఒక వరం ఇచ్చింది. డ్రైవర్ ఎవరో తెలియకపోతే, కొన్ని షరతులు పాటించి, రిజిస్టర్డ్ కీపర్ దగ్గరే వసూలు చేసుకోవచ్చు. కీపర్ పేరూ అడ్రసూ వాహనాల రిజిస్ట్రేషన్లు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ ఇస్తుంది, ఒక్కో కారుకి రెండున్నర పౌండ్లు తీసుకుని. ఫార్వర్డ్ రాసినాయన 2011 దగ్గరే ఆగిపోయాడు.

అయితే ఆ షరతులు మనకి నిజంగా పనికొస్తాయి, ఇక్కడ కాస్త ఆగాలి. కారు అద్దం మీద ఏ నోటీసూ పెట్టకుండా కెమెరా చూసి పంపిన టికెట్ అయితే, కీపర్‌కి నోటీసు 14 రోజుల్లోపు అందాలి. పోస్టు చేసిన రెండో పనిదినానికి అందినట్టు లెక్క వేస్తారు. అద్దం మీద నోటీసు పెట్టి ఉంటే, కీపర్‌కి ఉత్తరం 28 రోజుల తర్వాత, 56 రోజుల్లోపు రావాలి. ఈ తేదీలు తప్పితే ఈ చట్టం కింద కీపర్ మీద బాధ్యత పడదు. అప్పుడు వాళ్లకి మిగిలేది డ్రైవర్ ఒక్కడే. అందుకే అప్పీల్ రాసేటప్పుడు ‘నేను పార్క్ చేశాను’ అని రాయొద్దంటారు, ‘కీపర్‌గా రాస్తున్నాను’ అనాలి. మనవాళ్లు నిజాయితీగా మొదటి లైన్లోనే ‘సారీ సార్, నేను పది నిమిషాలు లేటయ్యాను’ అని రాసి ఆ దారి మూసేసుకుంటారు.

ఎయిర్‌పోర్టులు, రైల్వే స్టేషన్లలో సొంత బైలాలు (చట్టబద్ధమైన నిబంధనలు) వర్తించే స్థలాలకి కూడా ఈ కీపర్ బాధ్యత వర్తించదు. హైదరాబాద్ ఫ్లైట్‌కి అమ్మానాన్నల్ని దింపడానికి వెళ్లి, డ్రాప్ ఆఫ్ ఛార్జీ ఆన్‌లైన్లో కట్టడం మర్చిపోయినవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. స్కాట్లాండ్‌లోనూ ఈ షెడ్యూల్ లేదు. అలాగని అక్కడ స్వేచ్ఛ అనుకోవద్దు. డండీలో ఒకావిడ టికెట్లు వందల కొద్దీ పక్కన పడేస్తే, 2017లో షెరిఫ్ కోర్టు 24,500 పౌండ్లు కట్టమంది.

దీనికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఒకటుంది: ‘ఇండియా నుంచి వచ్చిన మామయ్య నడిపాడు, వెళ్లిపోయాడు అని చెప్పు.’ మామయ్య నిజంగా నడిపి ఉంటే సరే, కానీ పేరుతో పాటు కోర్టు కాగితాలు పంపదగ్గ అడ్రస్ కూడా ఇవ్వాలి. నడపకపోతే మాత్రం జాగ్రత్త. ఈ మాట కోర్టు దాకా వెళ్తే, ఇది నిజమని సంతకం పెట్టాలి. అక్కడ అబద్ధం చెప్పడం కోర్టు ధిక్కారం. వంద పౌండ్ల గొడవకి ఆయన్ని ఇరికించి, మనం కూడా ఇరుక్కోవడం ఏం తెలివి?

‘సుప్రీంకోర్టు కొట్టేసింది.’

సరిగ్గా తలకిందులు. చిప్ షాపు నడుపుకునే బారీ బీవిస్ అనే ఆయన 2013లో చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో కారు పెట్టాడు. రెండు గంటలు ఫ్రీ. ఇంకో 56 నిమిషాలు ఎక్కువ ఉంచాడు. పార్కింగ్‌ఐ కంపెనీ 85 పౌండ్లు అడిగింది. వాళ్లకి జరిగిన నష్టమేమీ లేదు కాబట్టి ఇది అన్యాయమైన జరిమానా అని ఆయన వాదించాడు. కేసు పై కోర్టులకి ఎక్కుతూ పోయి 2015 నవంబర్ 4న సుప్రీంకోర్టులో తేలింది. ఏడుగురు జడ్జిల్లో ఆరుగురు కంపెనీ వైపే. కార్లు అక్కడే నిలిచిపోకుండా కదులుతూ ఉండేలా చూడటంలో కంపెనీకి న్యాయమైన ప్రయోజనం ఉంది, 85 మరీ ఎక్కువేం కాదు అన్నారు.

బీవిస్ ఓడిపోయాడు గానీ, ఆ తీర్పులో మనకి పనికొచ్చే మాట ఒకటుంది. అక్కడ బోర్డులు పెద్దవి, చాలా ఉన్నాయి, మొత్తం ఎంతో స్పష్టంగా రాసి ఉంది కాబట్టి ఒప్పందం నిలబడింది. మీకు టికెట్ పడ్డచోట బోర్డు స్తంభం మీద పది అడుగుల ఎత్తులో, చీమ తలకాయంత అక్షరాలతో, రాత్రి లైటు లేకుండా ఉంటే, వెంటనే వెళ్లి అదే వేళకి ఫోటోలు తీసుకోండి. నెల తర్వాత వెళ్తే కొత్త బోర్డు పెట్టి ఉండొచ్చు.

‘వసూలు ఏజెన్సీల ఉత్తరాలు చెత్తబుట్టలో వేయండి.’

ఇందులో నిజమే ఎక్కువ. నాకు వచ్చినవి ఆరు. మొదటిది మామూలుగా ఉంది. మూడోదానికి ఎర్ర గీతలొచ్చాయి. ఐదోదాని మీద ఫైనల్ నోటీస్ అని ఉంది. ఆరోది మళ్లీ ఫైనల్ నోటీసే. వంద కాస్తా 170 అయింది. ఇంటికి మనిషి వస్తాడేమోనని మా అమ్మ ఇండియా నుంచి ఫోన్లో టెన్షన్ పడింది.

ఎవరూ రారు. వీళ్లు బెయిలిఫ్‌లు కాదు. ఇంట్లోకి రావడానికి, సామాను పట్టుకెళ్లడానికి వాళ్లకి అధికారం లేదు. టికెట్ కట్టనంత మాత్రాన క్రెడిట్ స్కోరు తగ్గదు. ఇదే గ్రూపుల్లో తిరిగే రెండో ఫార్వర్డ్, అదే ‘వెంటనే కట్టకపోతే క్రెడిట్ పోతుంది, వీసా పోతుంది’ అని భయపెట్టేది, అదీ అంతే తప్పు. ఉత్తరంలో కలిపిన 70 పౌండ్లు కూడా రాతిమీద గీత కాదు. చట్టం ప్రకారం కీపర్ దగ్గర వసూలు చేయగలిగేది మొదటి నోటీసులో రాసిన మొత్తం వరకే. ఈ 70 విషయంలో జడ్జిలంతా ఒకేలా చూడలేదు, కొందరు కొట్టేశారు, కొందరు ఒప్పుకున్నారు. కాబట్టి అది తప్పకుండా పోతుందని లెక్క వేసుకోవద్దు.

చిక్కు ఎక్కడంటే, ఆరు ఉత్తరాలు పారేసిన చెయ్యి అలవాటు మీద ఏడోది కూడా పారేస్తుంది. ఆ ఏడోది వేరే జాతి. దాని మీద లెటర్ బిఫోర్ క్లెయిమ్ అని ఉంటుంది, వెంట జవాబు ఫారం ఉంటుంది, 30 రోజుల గడువు ఉంటుంది. ఇది కోర్టుకి వెళ్లే ముందు పంపి తీరాల్సిన ఉత్తరం. ఎందుకు కట్టక్కర్లేదో దీనికి జవాబుగా రాయాలి. నేను కవరు కూడా విప్పలేదు.

‘కోర్టుకి ఎవడూ వెళ్లడు.’

వెళ్తారు. గుట్టలు గుట్టలుగా వెళ్తారు. కేసు వేయడానికి మనిషి అక్కర్లేదు, కంప్యూటర్ చాలు. కాగితాలు నార్తాంప్టన్‌లోని సివిల్ నేషనల్ బిజినెస్ సెంటర్ నుంచి వస్తాయి. అది అందినట్టు లెక్కేసే రోజు నుంచి 14 రోజుల్లో జవాబివ్వాలి. అందిందని ఆన్‌లైన్లో ఒప్పుకుంటే 28 రోజులు దొరుకుతాయి. ఏ జవాబూ లేకపోతే, అవతలివాడి మాట నిజమా కాదా అని ఎవరూ చూడరు. వాడు అడిగితే చాలు, తీర్పు వచ్చేస్తుంది. దాన్నే సీసీజే (కౌంటీ కోర్ట్ జడ్జ్‌మెంట్) అంటారు.

పోరాడితే మాత్రం ఆకాశం విరిగి పడదు. ఇది స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల దావాల) వ్యవహారం. ఓడినా మామూలుగా పడేది అసలు, కొద్దిగా వడ్డీ, 35 పౌండ్ల కోర్టు ఫీజు, లాయర్ పేరిట 50, హియరింగ్ ఫీజు. తీర్పు వచ్చిన నెల లోపు మొత్తం కట్టేస్తే, అప్పిచ్చేవాళ్లు చూసే కోర్టు తీర్పుల రిజిస్టర్‌లో పేరు కూడా ఉండదు. నెల దాటితే ఆరేళ్లు ఉంటుంది, కట్టినా సరే.

ఆ ఆరేళ్లు ఏం చేస్తాయో ఒక తమ్ముడి విషయంలో చూశాను. మాస్టర్స్‌కి వచ్చాడు, గుంటూరు జిల్లా. సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు ఐదుగురున్న ఇంట్లో ఉండేవాడు. తర్వాత రెండు ఇళ్లు మారాడు. బ్యాంకుకి, యూనివర్సిటీకి, అమెజాన్‌కి కొత్త అడ్రస్ ఇచ్చాడు. కారు లాగ్‌బుక్‌లో (రిజిస్ట్రేషన్ కాగితంలో) మాత్రం పాత ఇల్లే. టికెట్, వసూలు ఉత్తరాలు, కోర్టు కాగితాలు అన్నీ పాత ఇంటి తలుపు సందులోంచి పడి, మైక్రోవేవ్ పైన పేరుకున్నాయి. ఉద్యోగం వచ్చాక ఫోన్ కాంట్రాక్ట్ అడిగితే కాదన్నారు. క్రెడిట్ రిపోర్టు తీసి చూస్తే సీసీజే. తాను ఎప్పుడూ చూడని టికెట్ మీద! తీర్పు రద్దు చేయమని అడగాలంటే ఎన్ 244 అనే ఫారం, మూడు వందల పౌండ్ల పైనే ఫీజు. ఇల్లు మారిన రోజే డీవీఎల్‌ఏ వెబ్‌సైట్‌లో అడ్రస్ మార్చడానికి ఐదు నిమిషాలు, రూపాయి ఖర్చు లేదు. మార్చకపోతే వెయ్యి పౌండ్ల దాకా ఫైన్ కూడా ఉంది, అది నిజమైన ఫైను.

వీసా మాటకొస్తే, పార్కింగ్ టికెట్ నేరం కాదు. కానీ సిటిజన్‌షిప్ ఫారంలో సివిల్ కోర్టు తీర్పుల గురించి అడుగుతారు. అక్కడ లేదని రాసి, ఉన్నట్టు తేలితే, టికెట్ కన్నా ఆ అబద్ధమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఫార్వర్డ్ పూర్తిగా మర్చిపోయిన సంగతి ఒకటుంది: టికెట్ రద్దు చేయించుకోవచ్చు. షాపులో నిజంగా కొన్నట్టు బిల్లుంటే, ఆ షాపు మేనేజర్‌ని అడగండి, చాలాసార్లు ఒక్క మెయిల్‌తో అయిపోతుంది. మెషీన్‌లో నంబర్ కొట్టేటప్పుడు సున్నాకి బదులు ‘ఓ’ పడిందా? అలాంటి చిన్న పొరపాటుకి టికెట్ కొట్టేయాలని పార్కింగ్ కంపెనీల సొంత నియమావళే చెబుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్తే, కెమెరా మధ్యలో బయటికి వెళ్లడాన్ని మిస్సయి, రోజంతా అక్కడే ఉన్నట్టు చూపిస్తుంది. ఫోన్లో లొకేషన్ చరిత్ర ఉంటే అదే సాక్ష్యం. కంపెనీకి 28 రోజుల్లో అప్పీల్ పంపాలి. వాళ్లు కాదంటే, ఆ కంపెనీ ఏ పార్కింగ్ కంపెనీల సంఘంలో ఉందో దాన్ని బట్టి, పోప్లా, ఐఏఎస్ అనే అప్పీల్ సంస్థల్లో ఒకదానికి వెళ్లొచ్చు. పోప్లాకి ఫీజు లేదు, దాని నిర్ణయం కంపెనీని కట్టేస్తుంది, మనల్ని కాదు.

ఇక ఆ పదేళ్లుగా కట్టని పెద్దమనిషి. ఆయన నిజమే చెబుతుండొచ్చు. ఇలాంటి బాకీ మీద కేసు వేయడానికి ఆరేళ్ల గడువు ఉంటుంది, కొన్ని టికెట్లు అలా కాలం చెల్లిపోయి ఉండొచ్చు. ఆయన్ని నేను అడిగేది ఒకటే: ఈ పదేళ్లలో ఎన్ని ఇళ్లు మారారు, లాగ్‌బుక్ మీద ఇప్పుడు ఏ అడ్రస్ ఉంది? కొద్ది పౌండ్లు కట్టి కోర్టు తీర్పుల రిజిస్టర్‌లో తన పేరు, ఆ పాత అడ్రస్‌లన్నీ ఒకసారి వెతికి, ఏం కనిపించిందో గ్రూపులో పెట్టమనండి.