హమ్ ఆపే పికప్ పెట్టాక మొదలైన హమ్

ఎలక్ట్రిక్ గిటార్‌లో స్ట్రింగ్స్ కింద ఉండి, వాటి కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాన్ని పికప్ అంటారు. అందులో హంబకర్ అనే రకానికి ఉన్న పనే హమ్‌ని ఆపడం. ఒక కాయిల్ (అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నటి తీగ) పక్కన ఇంకో కాయిల్ పెట్టి, రెండోదాన్ని ఎదురు దిశలో కలిపి, దాని అయస్కాంత ధ్రువం కూడా తిప్పేస్తారు. దాంతో కరెంటు లైన్ల నుంచి వచ్చే గుయ్‌మనే మోత రెండు కాయిల్స్‌లో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుపోతుంది, స్ట్రింగ్ శబ్దం మాత్రం కలిసి బలంగా బయటికొస్తుంది. గిబ్సన్ అనే గిటార్ కంపెనీలో పనిచేసిన సెథ్ లవర్ దీనికి 1955లో పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టాడు. అలాంటిదాన్ని ఏరికోరి కొని, సొంత చేతులతో బిగించి, అప్పటిదాకా లేని హమ్‌ని తెచ్చుకున్న ఘనత నాది.

మేం వాయించేది హార్డ్ రాక్. గిటార్‌తో పాటు వచ్చిన బ్రిడ్జ్ పికప్‌తో (స్ట్రింగ్స్ కింది కొస దగ్గర ఉండేది) ఆంప్‌లో గెయిన్, అంటే శబ్దాన్ని కరుకుగా చేసే నాబ్, పెంచితే ఎవరో దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు ఉండేది. సరే మారుద్దాం అనుకున్నాను. అనుకున్నవాణ్ణి మార్చి ఊరుకోవాలి కదా, చదవడం మొదలుపెట్టాను. పికప్‌లో వాడే అయస్కాంతాల్లో అల్నికో 2 మెత్తన, అల్నికో 5 చురుకు, సెరామిక్ కరుకు అని నిద్రలో కూడా చెప్పేవాణ్ణి. శబ్దానికి బ్రౌన్ కలర్ ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది.

తర్వాత ఓమ్‌ల పిచ్చి, అంటే కాయిల్ తీగ రెసిస్టెన్స్ కొలిచే అంకెల పిచ్చి, పట్టుకుంది. పీఏఎఫ్ అని పిలిచే గిబ్సన్ పాతకాలపు హంబకర్లు 8 కిలోఓమ్‌లకి అటూఇటూగా ఉంటాయి, 1972లో వచ్చిన డిమార్జియో కంపెనీ సూపర్ డిస్టార్షన్ 13 దాటుతుంది, సీమోర్ డంకన్ కంపెనీ జేబీ 16 దాటుతుంది. ఇంకేం, అంకె పెద్దదైతే శబ్దం పెద్దది అని తేల్చేశాను. తీరా చూస్తే సన్నటి వైరు చుట్టినా ఆ అంకె పెరుగుతుందట, అయస్కాంతం మారితే లెక్కంతా మారుతుందట. మళ్లీ మొదటికి. మధ్యలో నాలుగు రోజులు బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌ల మీద మోజు పడ్డాను కానీ, గోడ గడియారం ఆగిపోయి ఎన్నాళ్లయిందో గుర్తుకొచ్చి విరమించుకున్నాను.

చివరికి సూపర్ డిస్టార్షన్ ఖాయం చేశాను. దాని వైరింగ్ బొమ్మ ప్రింట్ తీసి టేబుల్ పైన గోడకి అంటించాను: ఎరుపు హాట్ (సిగ్నల్ బయటికెళ్లే వైరు), నలుపూ తెలుపూ కలిపి టేప్ చుట్టాలి, ఆకుపచ్చా తొడుగు లేని బేర్ వైరూ గ్రౌండ్‌కి. వచ్చేపోయేటప్పుడు దాన్నే చూస్తూ రెండు నెలలు గడిపాను. ఆర్డర్ పెట్టే రాత్రి మాత్రం, ఎందుకో నాకే తెలీదు, జేబీ కొన్నాను. గోడ మీద బొమ్మ గోడ మీదే ఉండిపోయింది.

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట. పికప్ నుంచి వచ్చే నాలుగు వైర్ల రంగులు లోకమంతా ఒకటే అయ్యుంటాయని నా నమ్మకం. కాదు, కంపెనీకో పద్ధతి. జేబీలో నలుపు హాట్, ఎరుపూ తెలుపూ కలపాలి. దాని కాగితం డబ్బాలోనే ఉంది. నాకు కాగితం దేనికి, బొమ్మ కంఠతా వచ్చు కదా!

బిగించడం బ్రహ్మాండంగా సాగింది. వెనక మూత తీసి, పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగం) వీపు మీద సోల్డర్ పట్టేదాకా సోల్డరింగ్ ఐరన్ ఆనించి, వేలు ఒకసారే కాల్చుకుని, ఎరుపు హాట్‌కి, ఆకుపచ్చ గ్రౌండ్‌కి, నలుపూ తెలుపూ ముడేసి నీటుగా టేప్ చుట్టాను. ఆంప్ ఆన్ చేశాను.

గుయ్య్య్య్.

కార్డ్ కొడితే సన్నగా, పీలగా, కొత్త పికప్‌కి జలుబు చేసినట్టు వినిపించింది. మా బావమరిది డ్రమ్స్ వాయిస్తాడు, కర్రలు ఒళ్లో పెట్టుకుని కాసేపు విన్నాడు. "బావా, ఇది పాతదా కొత్తదా?" అన్నాడు. "కొత్తదేరా. ఇది వింటేజ్ టోన్, నీకు అర్థం కాదులే" అన్నాను. బాస్ వాయించే మావాడు మాత్రం తలూపుతూ "అవునన్నా, ఏదో క్లారిటీ ఉంది" అన్నాడు. ఆ మాటతో నాకూ కాస్త నమ్మకం కలిగింది.

తప్పు నాది కాదు కాబట్టి మిగతావన్నీ మార్చాను. కేబుల్ మార్చాను. ప్లగ్ మార్చాను. ట్యూబ్‌లైట్ ఆపి చీకట్లో ప్రాక్టీస్ చేశాం. అప్పుడే ఒక గొప్ప సంగతి కనిపెట్టాను: గిటార్‌తో గుండ్రంగా తిరుగుతుంటే ఒక దిక్కున హమ్ దాదాపు మాయమవుతోంది. అలా దిక్కుని బట్టి మారేది సింగిల్ కాయిల్ హమ్ అని రెండు నెలలు చదివినవాడికి వెలగాలి. వెలగలేదు. సుద్దముక్కతో నేల మీద గీత గీసి, దాని మీద నిలబడి, ఈశాన్యం మూలనున్న బీరువాకేసి తిరిగి వారం పాటు హార్డ్ రాక్ వాయించాను. సోలోలో తల విదిలిస్తే అద్దంలో నాకు నేనే ప్రేక్షకుణ్ణి.

మా ఆవిడ భరించి భరించి, "ఏమండీ, ఆ తుమ్మెద డబ్బాతోనే వచ్చిందా, విడిగా కొన్నారా?" అంది.

ఆ రాత్రి మల్టీమీటర్ తీశాను. 16 కిలోఓమ్‌లు చూపించాల్సిన చోట 8. స్క్రూడ్రైవర్ మొనతో పికప్ మీద రెండు వరసల్లో, కాయిల్‌కి ఒక వరసగా ఉండే పోల్ ముక్కల్ని (చిన్న ఇనుప బుడిపెల్ని) ఒక్కొక్కటే తట్టాను. ఒక వరసలో తడితే ఆంప్‌లో టక్ టక్‌మని గట్టిగా మోగుతోంది. పక్క వరసలో తడితే ఏదో దూరంగా, నీళ్లలోంచి తట్టినట్టు. సగం పికప్ పడుకుని ఉంది! డబ్బాలోంచి కాగితం తీసి, గోడ మీది బొమ్మ పక్కన పెట్టి చూశాను. జేబీలో నలుపూ తెలుపూ ఒకే కాయిల్‌కి రెండు కొసలు. ఆ రెండింటినీ ముడేసి, ఒక కాయిల్‌ని దాని తోక దానికే కట్టేసి, టేప్ చుట్టి మరీ మూలన కూర్చోబెట్టాను.

సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ అవమానంలో ఒక పాత సంగతి గుర్తొచ్చి కాస్త తేలికపడ్డాను. గిబ్సన్ అంతటివాళ్లు కూడా హంబకర్‌కి పేటెంట్ వచ్చాక పికప్‌ల అడుగున పేటెంట్ నంబర్‌తో స్టిక్కర్ వేశారు. 2,737,842. ఆ నంబర్ పికప్‌ది కాదు, గిటారిస్టు లెస్ పాల్ పేటెంట్ తీసుకున్న టెయిల్‌పీస్‌ది, అంటే స్ట్రింగ్స్ కింది కొసల్ని పట్టుకునే భాగానిది.

మర్నాడు సుద్దగీత మీద కాకుండా మనుషులకేసి తిరిగి నిలబడి ఇ పవర్ కార్డ్ కొట్టాను. తలుపు రెక్క అదిరింది. హమ్ లేదు. బావమరిది కర్రలు గాల్లోకి ఎగరేశాడు. బాస్ వాడు మాత్రం మొహం చిన్నబుచ్చుకుని, "అన్నా, ఆ వింటేజ్ టోన్ ఏమైంది? రెండో పాటకి అదే కావాలి" అన్నాడు.

ఆ పీల గొంతు మళ్లీ కావాలంటే పైకి లాగితే ఒక కాయిల్‌ని ఆపే స్విచ్ ఉన్న నాబ్, అదే పుష్-పుల్ పాట్, పెట్టాలి. వాటిలో పొడుగు షాఫ్ట్ మంచిదా, పొట్టిదా అని నిన్న రాత్రి నుంచి చదువుతున్నాను.