తింగరితనం డబ్బా మీద ఉంటే చాలదు

కళ్లజోడు పెట్టుకున్న ఆక్టోపస్, ప్యాంటు జారిపోతున్న డైనోసార్... పిల్లల బోర్డు గేమ్ డబ్బాలు చూస్తేనే నవ్వొస్తుంది. మూత తీస్తే మాత్రం చాలావాటిలో ఉండేది ఒకటే: పాచిక వేయి, పడినన్ని గడులు నడు, మళ్లీ వంతు వచ్చేదాకా కూర్చో. వైకుంఠపాళికి కొత్త రంగులు పూసినట్టే. బొమ్మను చూసి నవ్వడం రెండో ఆటకే అయిపోతుంది. ఆడే పద్ధతిలోనే తింగరితనం ఉంటే పదోసారి కూడా పిల్లలే డబ్బా లాక్కొస్తారు.

ఇలా అదృష్టం మీదే నడిచే ఆటలు పనికిరానివని అనలేం. 1949లో వచ్చిన 'క్యాండీ ల్యాండ్' సంగతే చూడండి. శాన్‌డియేగోలో పోలియో నుంచి కోలుకుంటున్న ఎలియనర్ అబాట్, అక్కడి వార్డులో పిల్లల కోసం దాన్ని తయారుచేశారు. పాచిక బదులు రంగుల కార్డులు తీస్తూ నడవాలి, చదవడం రాకపోయినా రంగులు గుర్తుపడితే చాలు. మంచం మీదున్న పిల్లలకు అది సరిపోయింది. కానీ కార్డులు కలిపేసరికే గెలిచేదెవరో దాదాపు తేలిపోతుంది. పిల్లలు చేయడానికి ఏమీ మిగలదు, అందుకే కాసేపటికి తొండి మొదలవుతుంది. తొండిని చెడ్డబుద్ధి అనుకుంటాం గానీ, చాలాసార్లు అది విసుగే.

2011లో హాబా సంస్థ తెచ్చిన 'రైనో హీరో' ఇందుకు పూర్తిగా వేరు. కార్డులతో మేడ కట్టాలి. మడిచిన కార్డులు గోడలు, చదునైనవి కప్పులు. ఒక్కొక్కరి చేతిలో ఐదు కప్పులుంటాయి. పై అంతస్తు గోడలు ఎక్కడ నిలబెట్టాలో కింది కప్పు మీదే గుర్తు ఉంటుంది. ఖడ్గమృగం గుర్తున్న కప్పు పడిందా, తర్వాతివాళ్లు చెక్క ఖడ్గమృగాన్ని కింది అంతస్తు నుంచి తీసి దాని మీద నిలబెట్టాలి. అప్పటిదాకా అరుస్తున్నవాళ్లు కూడా ఊపిరి బిగబడతారు. వంతు లేనివాళ్లకూ పని ఉంది: కళ్లప్పగించి చూడటం.

ఇందులో తేడా కొట్టేవి రెండు. గోడ కార్డును లంబకోణంలో మడవకుండా కొద్దిగా వంచి వదిలేస్తే అది నిలవదు, తప్పు పిల్లల చేతిదని అనుకుంటాం. పరుపు మీదో, గుడ్డ పరిచిన బల్ల మీదో కడితే మూడో అంతస్తుకే కూలుతుంది. ఫ్యాన్ సంగతి చెప్పక్కర్లేదు. ఇక నాలుగేళ్లవాళ్లకు మేడ కూలడమే అసలు పండగ, కావాలనే తోసేస్తారు. కూల్చినవాళ్లు ఓడినట్టు అన్న నియమాన్ని వాళ్లకు తీసేసి, అందరూ కలిసి ఎన్ని అంతస్తులు కట్టారో లెక్కపెట్టండి. నిన్నటికంటే ఒక్కటి ఎక్కువైతే అందరూ గెలిచినట్టే.

2009లో జర్మనీలో పిల్లల ఆటల బహుమతి గెలిచిన 'మ్యాజిక్ లాబిరింత్' ఇంకో రకం. ఇది చిక్కుదారి ఆట, గోడలు మాత్రం బోర్డు కింద దాగి ఉంటాయి. పైన పావుకు, కింద ఇనుప గుండుకు మధ్య అయస్కాంతమే లంకె. కనపడని గోడ తగలగానే గుండు టక్కున రాలిపోతుంది, పావు మళ్లీ మూలకు రావాలి. ఓటమికి ఇలా చప్పుడుంటే ఏడుపు కంటే నవ్వే ముందొస్తుంది. పావును ఎత్తి పెడితే గోడ లేకపోయినా గుండు రాలుతుంది కాబట్టి జరపడం ముందే నేర్పాలి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో గుండ్లు, అయస్కాంతం పావులు లెక్కపెట్టి మరీ దాచాలి. 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో పట్టే ముక్క ఏదైనా ఆ వయసుకు ప్రమాదకరమని బొమ్మల భద్రతా పరీక్ష లెక్క.

కథలల్లే ఆటకు డబ్బా కొనక్కర్లేదు. అట్టముక్క మీద 24 గడుల దారి, 36 చీటీలు చాలు. పన్నెండింటి మీద చిక్కులు గీయండి: తుమ్ము ఆగని ఏనుగు నది దాటాలి, చంద్రుడికి చక్కిలిగింత పెట్టాలి. మిగతా 24 మీద నిచ్చెన, సబ్బు, గొడుగు లాంటి వస్తువులు. చేతిలో మూడు వస్తువులు, అందులో రెండు వాడి చిక్కు విప్పాలి. "నీకు తోచింది చెప్పు" అంటే పిల్లలు నోరు మెదపరు. సబ్బు, గొడుగు చేతిలో పెట్టి ఏనుగును దాటించమంటే ఆపలేం. ఎవరి జవాబు బాగుందని ఓట్లు మాత్రం వద్దు, ఐదేళ్లవాళ్లకు అది "నేను మీకు నచ్చలేదు" అన్నట్టే వినిపిస్తుంది. బదులుగా ఎదుటివాళ్లు ఒక్క అడ్డుప్రశ్న వేయాలి: "గొడుగు తిరగబడితే?" దానికి ఏ సమాధానం చెప్పినా పాచిక వేయొచ్చు.

పాచిక సగటున 3.5 గడులు నడిపిస్తుంది. 24 గడులకు ఒక్కొక్కరికి ఏడెనిమిది వంతులు. నలుగురు ఆడి, వంతుకు అర నిమిషం పడితే పావుగంట. చివరి గడికి సరిగ్గా అంతే పడాలన్న నియమం పెడితే ఈ లెక్క పాడవుతుంది. ఒకటి కావాలని కూర్చున్నవాళ్లకు అది పడడానికి సగటున ఆరు వంతులు పడుతుంది, ఆలోపు ఏనుగును అందరూ మరిచిపోతారు. ఎక్కువ పడినా చేరినట్టే అనండి. నిన్న చెల్లిన జవాబే ఇవాళ మళ్లీ చెప్పొచ్చా అన్న పేచీ మూడో రోజుకు తప్పకుండా వస్తుంది. చెల్లిన వస్తువుల జతను చిక్కు చీటీ వెనక గీసి ఉంచితే ఆ గొడవా ఉండదు.