ముందు బ్యాటరీ మార్చండి, తర్వాత మాట్లాడదాం

పాత కారు సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుందా? బ్యాటరీ పోయినట్టే. ఇందులో చర్చకు తావులేదు. కొత్తది బిగించాలి. వారం తిరక్కుండా అదీ పడుకుంటే అదీ పోయినట్టే. ఈ రోజుల్లో సరుకులో నాణ్యత ఎక్కడేడ్చింది? మూడోది కొనేటప్పుడు మాత్రం కంపెనీ మార్చాలి. రోగనిర్ణయం అంటే ఇదీ.

ఇంత చక్కటి సంప్రదాయాన్ని చెడగొట్టడానికి వోల్టులు కొలిచే మల్టీమీటరు పట్టుకుని కొందరు బయల్దేరారు. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు వదిలేశాక బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టట. ఇంజిన్ నడిపి కాస్త రేజ్ చేస్తే 14 దాకా ఎక్కాలట. ఎక్కకపోతే వెతకాల్సింది బ్యాటరీలో కాదట, దాన్ని ఛార్జ్ చేసే ఏర్పాటులోనట. రెండు అంకెలతో తేలిపోతే, బానెట్ చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డ పెద్దమనుషుల అభిప్రాయాలు ఏ గంగలో కలవాలి?

వీళ్లకు ఇంకో దురలవాటు. పైసా ఖర్చు లేనివే ముందు చూస్తారు. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కి, అర అంగుళం కంటే బాగా దిగితే వదులైందంటారు. టెర్మినల్ మీద పట్టిన తెల్లటి పొడి గీకుతారు. ఇంజిన్‌నీ బాడీనీ కలిపే ఎర్త్ పట్టీ ఒకటుంటుంది చూడండి, సగం పోగులు తెగి, ఏళ్ల తరబడి గ్రీజు కింద నిద్రపోతూ. దాన్ని కూడా విప్పి, బోల్టు కూర్చునే చోట తుప్పంతా పోయి ఇనుము తళతళలాడేదాకా ఉప్పుకాగితంతో రుద్దుతారు. అక్కడితో బండి బాగైపోతుంది. బిల్లు మాత్రం ఉండదు. ఇది వైద్యమేనా?

ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే పాతకాలపు డైనమో ఉన్న బండ్ల దగ్గర వీళ్ల వాదన మరీ విచిత్రం. ఐడ్లింగ్‌లో డైనమో ఇచ్చేది అంతంతమాత్రమట. హెడ్‌లైట్లు వేసుకుని ట్రాఫిక్‌లో ఆగితే డాష్‌బోర్డు మీది ఎర్ర ఛార్జింగ్ లైటు మిణుకుమనడం దాని స్వభావమే గాని రోగం కాదట. స్వభావమని వదిలేస్తే, బాగున్న డైనమోని విప్పి, లోపల తిరిగే రాగి కమ్యుటేటర్ అరగదీసే కళ ఎలా బతుకుతుంది? డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ వచ్చిన బండ్లలోనూ ఇదే తంతు. చాలావాటిలో డాష్‌బోర్డు మీది ఛార్జింగ్ బల్బు గుండా వచ్చే కాస్త కరెంటే ఆల్టర్నేటర్‌ను నిద్రలేపుతుంది. ఆ బల్బు మాడితే ఛార్జింగే మొదలుకాకపోవచ్చు. అయితే మాత్రం? బల్బు మార్చి చేతులు దులుపుకోవడం మర్యాదస్తుల లక్షణం కాదు. ఆల్టర్నేటరే మార్చాలి.

రాత్రి నిలిపిన బండి తెల్లారేసరికి చచ్చిపడుంటే, డిక్కీ బల్బు ఆరుతోందో లేదో చూడమంటారు. మూత వేశాక లోపల వెలుగుందో లేదో చూడాలంటే ఎవరో ఒకరు డిక్కీలో పడుకోవాలి. ఫోను కెమెరా పెట్టి మూసినా తెలుస్తుంది గాని, అందులో త్యాగం ఏముంది?

మన పరీక్షల్లో రారాజు మాత్రం వేరే. ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ పీకేయడం. బండి ఆగకపోతే ఛార్జింగ్ భేషు. డైనమోల కాలం నాటి ఈ పరీక్షను ఆల్టర్నేటర్ మీద చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకి లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు కాలిపోవచ్చని మీటరు మేధావుల బెదిరింపు. కాలనివ్వండి. అంతదాకా లోపం ఎక్కడుందో తెలియక కొట్టుకుంటున్నాం కదా, ఇక ఆ సందేహమే ఉండదు.