సప్లయర్ లీకు గారికి, విజయనగరం నుంచి

మహారాజశ్రీ సప్లయర్ లీకు గారికి,

నమస్కారాలు. గేమ్ కన్సోళ్లకి విడిభాగాలు సప్లయి చేసేవాళ్ల దగ్గర నుంచి ముందే బయటికొచ్చే కబురు తమరు. తైవాన్‌లోనో వియత్నాంలోనో ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర తమరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం అంత క్షేమంగా లేం. నిన్న ఆదివారం మొత్తం తమరి పుణ్యమా అని ఖర్చయిపోయింది. తీసుకెళ్లిన డబ్బు మాత్రం ఖర్చు కాలేదు. బాధంతా అదే.

మేనల్లుణ్ణి బండి వెనక ఎక్కించుకుని గంటస్తంభం దాకా వెళ్లాను. షాపాయన పీఎస్5, అదే సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్, పెట్టె తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. అట్ట ఒక మూల నలిగితే వేలితో ఒత్తి సరిచేశాడు. బిల్లు పుస్తకం తెరిచి, కార్బన్ పేపర్ సర్ది, పేరు అడిగాడు. సరిగ్గా అప్పుడు మావాడు ఫోను నా మొహం ముందు పెట్టి, "మావయ్యా, ఆగు. దీని తర్వాతదానికి చిప్పు రెడీ అయిపోతోందట. చిప్పు చేసేవాళ్లే చెప్పారట" అన్నాడు. షాపాయన పెన్నుకి మూత పెట్టేసి, "మీరు ప్రతీ దసరాకీ ఇలాగే వచ్చి వెళ్తారు కదా మాస్టారూ" అన్నాడు. నవ్వలేదు కూడా. మా ఊళ్లో వెటకారానికి నవ్వు అవసరం లేదు.

ఇంటికొచ్చి, అన్నాలు తిని, కాస్త నడుం వాల్చి లేచేసరికి మళ్లీ వాడే. "మావయ్యా, మెమరీ చిప్పుల రేట్లు మండిపోతున్నాయట. కొత్తది లేటవుతుందట. ఇప్పుడున్నదాని రేటు కూడా పెంచేస్తారట. ఇప్పుడే కొనీడం మంచిదట."

అప్పటికి షాపు కట్టేశారు.

పొద్దున్న ఆగమన్నదీ తమరే, సాయంత్రం పరిగెత్తమన్నదీ తమరే. మొదటిది ప్రాసెసర్ వాళ్ల దగ్గర నుంచి వచ్చిందట, రెండోది మెమరీ వాళ్ల దగ్గర నుంచి. రెండింటికీ ఆధారాలున్నాయి, కాదనను. 2025 అక్టోబరులో సోనీ తరఫున మార్క్ సెర్నీ, చిప్పులు చేసే ఏఎండీ తరఫున జాక్ హుయిన్ కలిసి వీడియోలో కూర్చుని, కొన్నేళ్లలో రాబోయే కన్సోల్ కోసం ఫలానా ఫలానా పని చేస్తున్నామని చెప్పారు. ఆ ఏడాది చివరికి ఏఐ డేటా సెంటర్ల దెబ్బకి మెమరీ ధరలు ఎగిరిపడ్డాయి. రెండూ నిజాలే. ఈ రెండు నిజాల మధ్య నిలబడిన మనిషి పెట్టె కొనాలా వద్దా అన్నదానికి మాత్రం తమరి దగ్గర జవాబు లేదు. తమరి పని చెప్పడం వరకే.

అసలు తమరి పుట్టుక గురించి నాకు కొంచెం తెలుసు లెండి. ఏదో విడిభాగాల కంపెనీ ఆర్థిక ఫలితాల మీటింగులో ఒక పెద్దాయన గొంతు సవరించుకుని 'ఒక కస్టమర్ కోసం' అంటాడు. కస్టమర్ పేరు చెప్పడు. అక్కడ తమరు కడుపున పడతారు. 2023లో షార్ప్ వాళ్లు కొత్త గేమ్ కన్సోల్‌కి ఎల్‌సీడీ తెర విషయంలో పరిశోధన దశ నుంచే పని చేస్తున్నామన్నారు. అన్నది అంతే. తెల్లారేసరికి తెర సైజు, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, ఏ నెలలో విడుదల, రంగులేమిటి, అన్నీ తమరి దగ్గర తయారు. ఎవరో కుర్రాడు కంప్యూటర్లో గీసిన బొమ్మ కూడా జత. ఆ బొమ్మని చూసి మావాడు "బాగాలేదు మావయ్యా" అని పెదవి విరిచాడు. పుట్టని పిల్లకి వంకలు.

మా ఊళ్లో ఏటా సిరిమాను చెట్టు ఎక్కడుందో పైడితల్లి అమ్మవారు పూజారి గారి కలలో కనబడి చెబుతుంది. చెప్పిన చోట ఆ చింతచెట్టు ఉంటుంది. దసరా వెళ్లిన మంగళవారం మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట దాకా జనం కళ్లముందే ఊరేగుతుంది. కలలో చెప్పినదానికే అంత లెక్క ఉంది. తమరు కాగితాలు చూశానంటారు, ఫ్యాక్టరీలో మనిషున్నాడంటారు, చివరికి చెట్టు బదులు కొమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోతారు.

2021 సంగతే చూడండి. నింటెండో వాళ్ల కొత్త స్విచ్ కన్సోల్‌కి శాంసంగ్ వాళ్లు 7 అంగుళాల, 720పీ ఓఎల్ఈడీ తెరలు చేస్తున్నారని మార్చిలో వార్త వచ్చింది. దాంతోపాటే, టీవీకి కలిపితే మరింత స్పష్టమైన 4కే బొమ్మ వస్తుందని కూడా. జూలైలో నింటెండో ప్రకటన చేసింది. తెర 7 అంగుళాలే, 720పీయే, ఓఎల్ఈడీయే. తు.చ. తప్పలేదు. 4కే మాత్రం లేదు. టీవీలో పాత 1080పీయే. తెర చేసేవాడికి తెర గురించి తెలుస్తుంది గాని, లోపల చిప్పు సంగతి వాడికెందుకు తెలుస్తుంది? తలుపు చేసిన వడ్రంగిని పట్టుకుని వంటింట్లో ఏం కూర అని అడగడమే ఇది. అడిగినవాళ్లది ఒక తప్పయితే, గుత్తొంకాయ అని చెప్పేసిన తమరిది పది తప్పులు.

సరే, చిప్పు చేసేవాడినే అడుగుదాం అంటారా? 2011లో ఐబీఎం వాళ్లే నింటెండో వీ యూ కన్సోల్లో తమ వాట్సన్ కంప్యూటర్లోని ప్రాసెసర్ టెక్నాలజీ ఉంటుందన్నారు. వాట్సన్ అంటే ఆ ఏడే అమెరికా టీవీ క్విజ్‌లో మనుషుల్ని ఓడించిన యంత్రం. మరుసటేడు పెట్టె విప్పి చూస్తే లోపలున్నది నింటెండో పాత పెట్టె గేమ్‌క్యూబ్ కాలంనాటి పవర్‌పీసీ చిప్పు వంశంవాడే, మూడు కోర్లతో. 2013 ఫిబ్రవరి దాకా పీఎస్4లో 4 జీబీ మెమరీయే అని బల్లగుద్ది చెప్పారు తమరు. సోనీ వాళ్లు స్టేజీ ఎక్కి 8 అన్నారు. టెరాఫ్లాపుల గురించి, అంటే చిప్పు ఎంత వేగంగా లెక్కలు చేస్తుందో చెప్పే అంకె గురించి, ఇక మాట్లాడను. ఇన్ననీ అన్ననీ చుక్క తర్వాత అంకెతో సహా చెప్పి మా ఇంట్లో మామా అల్లుళ్ల మధ్య రెండు పూటలు మాటల్లేకుండా చేశారు.

ఇవన్నీ క్షమించేస్తాను. క్షమించలేనిది వేరే ఉంది.

2022 మే. పోలండ్‌లో ఒక టీవీ కంపెనీ మీటింగు. కన్సోల్‌కి స్క్రూ కూడా సప్లయి చేయని కంపెనీ. వాళ్ల స్లైడు మీద 'పీఎస్5 ప్రో, 2023 లేదా 2024' అని ఒక గీత. తమరు ఆ గీతని పట్టుకొచ్చి నా ముందు పరిచారు. ఆగండి, పీఎస్5లోనే ఇంకా జోరైన ప్రో వస్తోంది, ఇప్పుడు కొన్నవాడు వెర్రివాడు అన్నారు. అప్పుడు డిస్క్ ఉన్న పీఎస్5 మన దగ్గర 49,990 రూపాయలు. ఆగాను. నవంబరులో అది 54,990 అయింది. పాత సామాను ధర తగ్గడం లోకంలో ఆనవాయితీ. తమరి చలవ వల్ల ఆగినకొద్దీ పెరిగే సామాను చూశాను. మా ఆవిడ ఏమీ అనలేదు. అయిదు వేలకి ఎన్ని గ్యాస్ బండలొస్తాయో మాత్రం పైకి లెక్కపెట్టింది.

అయినా ఆగాను, ఎందుకంటే ప్రో గురించి తమరు పూసగుచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టారు. 2024 మార్చికల్లా గ్రాఫిక్స్ 45 శాతం వేగం అన్నారు. తర్వాత సోనీ కూడా అదే అంకె చెప్పింది. పూజగదిలో దేవుడి మీద ఉన్నంత నమ్మకం కుదిరింది తమరి మీద. 2024 నవంబరు 7న ప్రో విడుదలైంది. అమెరికాలో వచ్చింది, జపాన్‌లో వచ్చింది. ఇండియాలో లేదు.

ఎందుకు లేదో తెలుసా? తెలిసే ఉంటుందిలే, నీకు తెలియనిదేముంది. వై-ఫై 7. అందులో వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండుకి అప్పటికి మన దేశంలో అనుమతి లేదు. అందుకని పెట్టె మొత్తం రాదట. వై-ఫై! మా ఇంట్లో రౌటర్ టీవీ స్టాండు మీదే ఉంది. టీవీకీ దానికీ మధ్య జానెడు కూడా లేదు. తీగ గుచ్చుకుంటాం కదరా బాబూ! అరవై రూపాయల తీగ!

ఇప్పుడు చెప్పు. గ్రాఫిక్స్ ఎంతో చెప్పావు. మెమరీ ఎంతో చెప్పావు. లోపల చిప్పుకి పెట్టుకున్న ముద్దుపేరు కూడా చెప్పావు. ఆ వై-ఫై చిప్పు కూడా ఎవడో సప్లయరు దగ్గర కొన్నదే కదా? ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా? దాని గురించి ఒక్క ముక్క చెప్పి ఉంటే విజయనగరంలో ఉన్నవాడికి పనికొచ్చేది. కానీ చెప్పవు. ఎందుకంటే వై-ఫై చిప్పుకి లైకులు రావు. నీకు కావలసింది అంకె. పెద్ద అంకె. ఆ పెట్టె ఏ దేశంలో దిగుతుంది, ఎంతకి దిగుతుంది, వారంటీ కాగితం మీద స్టాంపు ఎవడు వేస్తాడు, ఇవి నీకు పట్టవు. నింటెండో అయితే ఆ గొడవే లేదు, మన దగ్గరికొచ్చేదంతా బయట సరుకే. స్విచ్ 2 కొన్న మా స్టాఫ్ రూమ్ సహోద్యోగి ఒకాయన పాడైతే ఎవరికివ్వాలని అడిగితే, అమ్మినవాడు సింగపూర్ అన్నాడట. దాన్ని బాగుచేయించడానికి పాస్‌పోర్టు తీసుకోవాలి.

నీ మీద ఎంత మండిపోతున్నా ఒకటి ఒప్పుకోవాలి. 2024లో నింటెండో కొత్త పెట్టె కోసం వియత్నాం వెళ్లిన సరుకుల కస్టమ్స్ కాగితాలు బయటికొచ్చాయి చూడు, అది మాత్రం పనంటే. బొమ్మల్లేవు, 'నా మనిషి చెప్పాడు' లేదు. ఎగుమతి సరుకుల పట్టీ, వరసకట్టి కోడ్ నంబర్లు. అందులోంచి ఒక్కోటీ ఏరి, 6 జీబీ మెమరీ ముక్కలు రెండు, 256 జీబీ స్టోరేజీ అని తేల్చారు. 2025 జూన్ 5న స్విచ్ 2 వచ్చింది. 12 జీబీ, 256 జీబీ. ఆ పట్టీ చదువుతూ నేనూ మావాడూ పడుకోవడమే మర్చిపోయాం. వాడు సైన్సు రికార్డు అంత శ్రద్ధగా రాస్తే వాళ్లమ్మ మొక్కులన్నీ తీరిపోతాయి. నువ్వు బతికేది ఇలాంటి ఒక్కోదాని మీదే. నూటికి ఒకటి నిజం చేసి చూపిస్తావు, మిగతా తొంభై తొమ్మిదింటికీ మా చేత కాపలా కాయిస్తావు.

అందుకని రాబోయే కొత్త పెట్టె గురించి ముందే చెబుతున్నాను. నానోమీటర్లు నాకొద్దు. ఎన్ని కోర్లో అవీ వద్దు. బొమ్మలో వెలుగునీడలు గీసే రే ట్రేసింగు ఎన్ని రెట్లో మా మేనల్లుడికి చెప్పు, వాడికి సంతోషం. నాకు మాత్రం ఏ ఫ్యాక్టరీలోనైనా సరే, ఏ గేటు దగ్గరైనా సరే, అందులో పెట్టబోయే వై-ఫై ముక్క గురించి నీ చెవిన పడితే, అర్ధరాత్రయినా పర్లేదు, ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ మాట విని ఇంకా ఏదీ కొనని
ఓ మాస్టారు, విజయనగరం