మిగిల్చిన టైము ఎవరి ఖాతాలో జమ?

హైదరాబాద్ బడుల్లో పంతుళ్లకు టైము చాలడం లేదన్న మాట ఈ మధ్య తెగ వినిపిస్తోంది. ప్రొఫార్మాలు, అంటే పైవాళ్లు అడిగే వివరాలు నింపి పంపాల్సిన ఫారాలు, ఎక్కువైపోయాయనీ, వాట్సాప్ గ్రూపులో ‘మోస్ట్ అర్జెంట్’ రాని పూట లేదనీ గిట్టనివాళ్లు ఏవేవో ప్రచారం చేస్తున్నారు. విద్యావ్యవస్థ మేలు కోరేవాణ్ణిగా దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. ప్రొఫార్మా ఏం చేసింది పాపం? పంతుళ్లకు కంప్యూటర్ కిటుకులు తెలియకపోవడమే అసలు జబ్బు. అందుకని లోకహితం కోరి నాకు తెలిసినవి కొన్ని విన్నవిస్తున్నాను.

ముందుగా ఇంటి నంబర్ల సంగతి. మన నగరంలో పాత ఇంటి నంబరంటే వార్డు, బ్లాకు, ఇల్లు, మధ్యలో అడ్డగీతలు. పట్టికలు కొట్టే ఎక్సెల్‌కు అడ్డగీతల మధ్య అంకెలు తేదీలా కుదిరితే చాలు, తేదీ అనుకుంటుంది. అడ్మిషన్ రిజిస్టరు పక్కన పెట్టుకుని 15-8-47 అని కొట్టి ఎంటర్ నొక్కండి. కొన్ని కంప్యూటర్లలో గడిలో 15-08-1947 అని పడుతుంది. అంటే ఆరో తరగతి పిల్లవాడు స్వాతంత్ర్య దినోత్సవంలో కాపురముంటున్నాడు. కంగారుపడి ఫార్మాట్ మార్చి మామూలు నంబరు చేయబోతే 17394 అవుతుంది. అది 1900 జనవరి 1 నుంచి ఎక్సెల్ వేసుకున్న రోజుల లెక్క. ఇక ఆ ఇల్లు ఏ పోస్ట్‌మ్యాన్‌కూ దొరకదు. అంకె కొట్టే ముందు ఒక్క అపాస్ట్రఫీ కొట్టండి. ఇల్లు ఇల్లులాగే ఉంటుంది.

ఆధార్ నంబరుకూ ఇంచుమించు ఇదే గతి. పదకొండు అంకెల దాకా ఓపిక పట్టే ఎక్సెల్, పన్నెండోది పడగానే సైంటిస్టు అవతారమెత్తి ఇంటూ పది టు ది పవర్ పదకొండు అంటుంది. పిల్లల చదువు రికార్డుకు ఇచ్చే అపార్ ఐడీ కూడా పన్నెండు అంకెలే కాబట్టి ఒక్కో పిల్లవాడి దగ్గర ఈ విజ్ఞాన ప్రదర్శన రెండుసార్లు జరుగుతుంది. టైపు మొదలుపెట్టకముందే కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి ‘టెక్స్ట్’ పెట్టుకోండి. కొట్టాక పెడితే లాభం లేదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది నలభై నంబర్లూ మళ్లీ మొదటి నుంచి కొట్టారో.

పేర్ల దగ్గర మరింత జాగ్రత్త. మహమ్మద్ అన్న పేరును ఇంగ్లిషులో ఆధార్‌లో ఒకలా, రిజిస్టర్‌లో ఒకలా, తండ్రి సంతకంలో మరోలా రాస్తారు. ఆధార్‌కూ బడి రికార్డుకూ పేరు కలవకపోతే అపార్ పుట్టదు. ఒకాయన ‘ఎం, డి’ అన్న పొట్టిపేరును ఊరంతటికీ ఒకేసారి పొడుగు చేద్దామని కంట్రోల్ హెచ్ నొక్కి, ‘రీప్లేస్ ఆల్’ కొట్టాడు. హమ్దాన్ అనే కుర్రాడి పేరు నడుమ ఆ రెండక్షరాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఎక్సెల్‌కు మనం చెప్పకపోతే పెద్దక్షరం, చిన్నక్షరం అన్న భేదం లేదు. పేరును నడిమికి చీల్చి అందులో ఇంకో మహమ్మద్‌ను కూర్చోబెట్టింది. ‘మ్యాచ్ కేస్’ టిక్ పెట్టి, రెండక్షరాల తర్వాత ఒక స్పేసు కూడా ఇవ్వండి.

అన్నిటికన్నా శక్తిమంతమైనది కంట్రోల్ ఎంటర్. మరుగుదొడ్డి ఉందా, పనిచేస్తోందా, తాగునీరుందా, చేతులు కడుక్కునే చోటుందా అని బడి వివరాలు అడుగుతారు కదా. గడులన్నీ ఒకేసారి ఎంచుకుని, ‘అవును’ అని కొట్టి, కంట్రోల్ పట్టుకుని ఎంటర్ నొక్కండి. నాలుగేళ్లుగా ఎండిపోయిన నల్లాలో కూడా ఆ క్షణాన నీళ్లొస్తాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత అభివృద్ధి ఇంకే పథకంలోనూ లేదు.

మార్కుల గురించి రెండు మాటలు చాలు. హైస్కూల్లో ఏడాదికి ఎఫ్ఏలు, అంటే నడుమ పెట్టే చిన్న పరీక్షలు, నాలుగు, 20 మార్కులకు. ఎస్ఏలు, అంటే పెద్ద పరీక్షలు, రెండు, 80కి. ఆ మార్కు ముందు జవాబు పేపరు మీద, తర్వాత రిజిస్టర్లో, తర్వాత ఎక్సెల్లో, ఆపైన ఆన్‌లైన్లో, చివరికి ప్రింటు తీసిన హార్డ్ కాపీలో పడుతుంది. ఇన్నిసార్లు రాస్తే పిల్లవాడికి లెక్కలు ఎందుకు రావని మీరడగొచ్చు. రాసేది టీచరు కదా, టీచరుకు బాగానే వస్తున్నాయి.

చదువు కాని పనులు పంతుళ్లతో చేయించకూడదని చట్టం ఉంది కదా అని కొందరు అడ్డం తగులుతారు. చట్టం నేనూ చదివాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం, 27వ సెక్షను. పదేళ్లకోసారి వచ్చే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు, వీటికి తప్ప మరి దేనికీ టీచర్లను వాడుకోరాదంటుంది. చాలా మంచి సెక్షను. 2024 నవంబరులో ప్రాథమిక పాఠశాలల టీచర్లు ఒంటిపూట బడి ముగించుకుని, 75 ప్రశ్నల కుటుంబ సర్వే ఫారాలు చంకన పెట్టుకుని గల్లీ గల్లీ తిరిగినప్పుడు కూడా అది ఆ చట్టంలోనే, అదే పేజీలో క్షేమంగా ఉంది. ఇక డేటా ఎంట్రీ అంటారా, దాన్ని పని అనడమే తప్పు. రెండు నిమిషాల్లో అయిపోయేదాన్ని పని అంటారా ఎవరైనా?

ఆ రెండు నిమిషాలు ఎలా పెరుగుతాయో చూడాలంటే ఒక జాబితాలోని వివరాన్ని ఇంకో జాబితాలోకి తెచ్చిపెట్టే ఎక్సెల్ ఫార్ములా వీ-లుకప్ నేర్చుకున్న లెక్కల సారును చూడాలి. మొదటి వారం తన క్లాసు జాబితా చిటికెలో తేల్చేశాడు, గంట మిగిలింది. మర్నాడు పక్క సెక్షన్ మేడం వచ్చింది. “సార్, మీకైతే రెండు నిమిషాలు పట్టది. జర మా క్లాసుది గూడ కొట్టి పెడ్తరా?” పెట్టాడు. తర్వాత హెచ్ఎం పిలిచి బడి మొత్తానిదీ అప్పజెప్పాడు. ఆ తర్వాత చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి ఉండే స్కూల్ కాంప్లెక్స్ నుంచి ఫోను: “మీ బడిలో ఎక్సెల్ వచ్చిన సారున్నడట గద, ఒక్కరోజు పంపియ్యిండ్రి.” ఆ ఒక్కరోజు నుంచి ఆయన బడులను తనిఖీ చేసే డిప్యూటీ ఐఓఎస్ (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్) ఆఫీసులో ఓ కుర్చీకి అలవాటు పడిపోయాడు. ఆయన పదో తరగతి పిల్లలు త్రికోణమితిని సొంతంగా కనిపెట్టుకునే పనిలో ఉన్నారు.

అదే స్టాఫ్‌రూములో తెలుగు మేడం ఉంది. లింకు రాగానే కళ్లద్దాలు నుదుటి మీదికెత్తి, ఫోను చెయ్యంత దూరం పట్టుకుని “నాకు రాదమ్మా” అంటుంది. ఈ కిటుకు నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ఓటీపీ అడగదు, ఏ పోర్టలూ దీన్ని లాగౌట్ చేయలేదు. ఇలాంటి వెనకబాటుతనాన్ని నేను ఎంతమాత్రం సమర్థించను. ఆమె క్లాసులో ఆఖరి బెంచీ పిల్ల కూడా వేమన పద్యం తడబడకుండా అప్పజెప్పి, అర్థం తన మాటల్లో చెబుతున్నదని విన్నాను. అయితే కావచ్చు. దానికి ఎక్కడా కాలమ్ లేదు.

పై కిటుకులన్నీ శ్రద్ధగా పాటిస్తే రోజుకు ఎంతో కొంత టైము మిగలక తప్పదు. మిగిలినదానికి లెక్క కూడా ఉండాలి కదా. అందుకని ఒక గూగుల్ ఫారం తయారుచేశాను. టీచర్ ఐడీ, మిగిలిన నిమిషాలు, ఏ కిటుకు వల్ల మిగిలాయి, ఆ నిమిషాల్లో ఏ డేటా ఎక్కించారు, ఎక్కిస్తుండగా జియోట్యాగ్ ఫొటో. ఈరోజు సాయంత్రం ఐదులోపు నింపాలి. హార్డ్ కాపీ మూడు సెట్లు, హెచ్ఎం సంతకం, స్టాంపుతో విడిగా పంపాలి. నిమిషాల గడిలో సున్నా పెట్టి తప్పించుకుందామనుకునేవాళ్ల కోసం వాలిడేషన్ కూడా పెట్టాను. ఒకటికి తక్కువ కొడితే కింద ఎర్రక్షరాలొస్తాయి, ఫారం సబ్మిట్ కాదు.