పాత ఫైలుకు తేదీ మారిస్తే ముప్పు అంచనా అయిపోదు

తిరుమలకు ఏ దేశాధ్యక్షుడో, ప్రధానో వస్తున్నారనగానే తిరుపతిలో అందరికీ కనిపించేది ఒకటే. రేణిగుంట రోడ్డు పొడవునా ఖాకీ, మూయించిన షాపులు, ఎక్కడికక్కడ ఆపేసిన బస్సులు. ఎంతమంది పోలీసులను పెట్టారో మర్నాడు పేపర్లో వస్తుంది. అది బందోబస్తు లెక్క. ముప్పు అంచనా వేరు. ఈ రెండూ ఒకటేననుకోవడం మన దగ్గర చాలాకాలంగా పాతుకుపోయిన జబ్బని నా గట్టి అభిప్రాయం.

అంచనాలో తేల్చుకోవాల్సినవి మూడు. వచ్చే మనిషి మీద ఎవరికి కక్ష ఉంది, వాళ్ల చేతిలో ఏముంది? మన ఏర్పాట్లలో సందు ఎక్కడ ఉంది? ఆ సందులోంచి దెబ్బ పడితే ఎంతవరకు పోతుంది? మొదటిదానికి జవాబు అతిథి దేశం నుంచి, కేంద్ర నిఘా సంస్థ ఐబీ నుంచి వస్తుంది. రెండోది మాత్రం పూర్తిగా స్థానికుల పని. క్రితంసారి ఫైలు తీసి పేరూ తేదీ మార్చి సంతకాలకు పంపితే మొట్టమొదట ఎగిరిపోయేది అదే. శ్రీలంక అధ్యక్షుడిగా సిరిసేన 2015లో వచ్చారు, ప్రధానిగా మహింద రాజపక్స 2020లో వచ్చారు. శ్రీలంక నేత వస్తున్నారంటే తమిళనాడు సరిహద్దు దాటి నల్లజెండాలు వస్తాయేమో చూసుకోవాలి. నేపాల్ నేతకు ఆ లెక్కే ఉండదు. అలాంటప్పుడు ఇద్దరికీ ఒకే ఫైలు ఎలా సరిపోతుంది?

ఇక సందుల సంగతి. అన్నిటికన్నా పెద్ద సందు, అందరికీ ముందే తెలిసిన కార్యక్రమం. 1983 అక్టోబర్ 9న బర్మాలోని రంగూన్‌లో దక్షిణ కొరియా అధ్యక్షుడు చున్ డూ హ్వాన్ కోసం ఉత్తర కొరియా మనుషులు బాంబు పెట్టింది అమరవీరుల స్మారకం పైకప్పులో. విదేశీ అతిథి వస్తే అక్కడ పుష్పగుచ్ఛం ఉంచడం మర్యాద కాబట్టి, ఆయన ఎక్కడ నిలబడతారో ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. ఆయన రావడం కాస్త ఆలస్యమై బతికారు. మంత్రులతో సహా 21 మంది పోయారు. అంత దూరం దేనికి, మన అలిపిరే ఉంది. 2003 అక్టోబర్ 1న ముఖ్యమంత్రి చంద్రబాబు బ్రహ్మోత్సవాల్లో పట్టువస్త్రాలు సమర్పించడానికి వెళ్తుండగా క్లేమోర్ మందుపాతరలు పేలాయి. ఆ రోజు, ఆ దారిన ముఖ్యమంత్రి కొండెక్కుతారని క్యాలెండర్ చూసే ప్రతి ఒక్కరికీ తెలుసు. బుల్లెట్‌ప్రూఫ్ కారు కాపాడింది.

ఇప్పుడు కొండ మీద అతిథి కార్యక్రమం చూడండి. మహాద్వారం, ధ్వజస్తంభం, మూలవిరాట్టు దర్శనం, హుండీ, రంగనాయకుల మండపంలో వేదాశీర్వచనం. ఎవరొచ్చినా ఈ వరుస మారదు, మార్చమని ఎవరూ అడగరు. వరుస మార్చలేనప్పుడు మార్చగలిగింది సమయం. ఏ గంటకు బయలుదేరుతారు, ఏ కారులో కూర్చుంటారు, దర్శనం ముందా విశ్రాంతి ముందా అన్నది ఎంత తక్కువమందికి తెలిస్తే అంత మేలు. ఆచరణలో ఏం జరుగుతోంది? నిమిషాల వారీ కార్యక్రమం కాగితం ఫొటో అయి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఆ ఒక్క ఫొటోతో వెయ్యిమంది కాపలా పలచబడిపోతుంది.

రెండో సందు ఘాట్ రోడ్డు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. 1995 జూన్ 26న ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో విమానాశ్రయం నుంచి వస్తున్న ఈజిప్ట్ అధ్యక్షుడు ముబారక్ కాన్వాయ్‌కి వాహనం అడ్డంపెట్టి కాల్పులు జరిపారు. ఆయన బతికింది రెండు కారణాల వల్ల: స్వదేశం నుంచి తెచ్చుకున్న బుల్లెట్‌ప్రూఫ్ కారు ఒకటి, అది వెనక్కి తిరిగి విమానాశ్రయానికి పోగలగడం ఇంకొకటి. కొండదారిలో ఆ రెండోది చేయగలమా? ఎక్కడానికి ఒక ఘాట్, దిగడానికి ఇంకొకటి. పదిహేను వాహనాల కాన్వాయ్, ఒక్కోటి ఐదు మీటర్లు, మధ్యలో పదిహేను మీటర్ల ఎడం అనుకుంటే మొత్తం 285 మీటర్లు. మలుపులో ముందున్న పైలట్ కారు తోకకు కనిపించదు. ఒకవైపు కొండ, ఒకవైపు పిట్టగోడ. భారీ బుల్లెట్‌ప్రూఫ్ కారు ఒక్క ఊపులో తిరగదు. అందుకే ఎక్కడెక్కడ వెనక్కి తిప్పగలరో, రెండు ఘాట్లను కలిపే లింక్ రోడ్డు ఏ పరిస్థితిలో వాడాలో కాలినడకన చూసి రాసుకోవాలి. ఆ పెద్ద కారుతోనే, అదే డ్రైవర్‌తో తిప్పి చూడాలి. బొలేరోతో రిహార్సల్ చేసి అయిపోయిందనుకుంటే లాభం లేదు.

జామర్ ఉంది కదా అంటారు. జామర్ రిమోట్ సంకేతాన్ని ఆపుతుంది, తీగ లాగి పేల్చేదాన్ని ఆపలేదు. తీగను పట్టుకునేది మనిషి కన్ను, కుక్క ముక్కు. కల్వర్టు కింద టార్చి వేసి చూశాక అక్కడ మనిషిని నిలబెట్టకపోతే ఆ తనిఖీ గంటలోనే చెల్లకుండా పోతుంది. దిగే ఘాట్‌లో జింకల పార్కు ప్రాంతంలో కొంత దూరం నడక భక్తులు రోడ్డు వారనే ఉంటారు. వాళ్లను ఎక్కడ ఆపుతారు, నీడ ఎక్కడ, నీళ్లు ఎక్కడ అన్నది కూడా ముందే తేలాలి.

ముప్పంటే మనుషులతోనే కాదు. 2021 డిసెంబర్ 1న రెండో ఘాట్ మీద కొండచరియలు పడి రాకపోకలు ఆగిపోయాయి. ఆ నెలల్లో వానకు విమానం రేణిగుంటలో దిగలేక చెన్నైకి మళ్లితే? తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా రోడ్డు ప్రయాణం. రెండు రాష్ట్రాల పోలీసులు, రెండు వైర్‌లెస్ వ్యవస్థలు. 2022 జనవరి 5న ఫిరోజ్‌పూర్ దగ్గర జరిగింది ఇలాంటిదే. వాతావరణం బాగాలేక ప్రధాని రోడ్డున బయలుదేరారు, ఫ్లైఓవర్ మీద ఇరవై నిమిషాల దాకా చిక్కుకుపోయారు. ప్రత్యామ్నాయ దారి కాగితం మీద ఉంటే చాలదు, దానికీ మనుషులు కావాలి.

గుడి లోపలి సంగతి క్లుప్తంగా చెబుతాను. అన్యమతస్థులు దర్శనానికి డిక్లరేషన్ ఇవ్వాలి. అతిథి వెంట వచ్చే గార్డులకూ అది వర్తిస్తుంది కాబట్టి ముందుగా వచ్చే బృందంతోనే తేల్చుకోవాలి, మహాద్వారం దగ్గర కాదు. పంచె, ఉత్తరీయం కింద రక్షణ కవచం దాగదు. కాబట్టి లోపల రక్షణంతా ఆ సమయానికి అక్కడ ఎవరుంటారన్న జాబితా మీదే ఆధారపడుతుంది. 1987 జూలై 30న కొలంబోలో రాజీవ్ గాంధీ మీద తుపాకీ మడమతో కొట్టింది గౌరవ వందనం వరుసలో నిలబడ్డ నావికుడే. ముందురోజు కుదిరిన భారత్-శ్రీలంక ఒప్పందం మీద ఊరంతా రగిలిపోతోంది. ఆ కోపం వరుసలో నిలబడ్డవాడికి మాత్రం ఉండదా? పాసున్నవాడిని కూడా లెక్కలో వేసుకోవాలి.

వైద్యం. కొండ దిగడానికి మామూలు వాహనాలకు 40 నిమిషాలన్న నియమం. కాన్వాయ్ ఎంత వేగంగా దిగినా ఆ మలుపుల్లో మిగిలేది తక్కువే. కింద తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో పడక సిద్ధం చేస్తే సరిపోదు. అతిథి గ్రూపు రక్తం, ట్రామా సర్జన్, మత్తు డాక్టర్ పర్యటన ముగిసేదాకా కొండ మీద అశ్విని ఆసుపత్రిలోనే ఉండాలి.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. ఈ కాగితాలన్నిట్లో భక్తుడికి గడి ఉండదు. 2025 జనవరి 8న బైరాగిపట్టెడలో తొక్కిసలాట ఏ వీఐపీ వల్లా జరగలేదు, వైకుంఠద్వార టోకెన్ల రద్దీలో జరిగింది. ఆరుగురు పోయారు. జనాన్ని ఆపి ఒక్కసారిగా వదిలితే ఏమవుతుందో ఈ ఊరికి ఇంతకన్నా చెప్పాలా? అతిథి కోసం క్యూ గంట ఆపితే కంపార్ట్‌మెంట్లలో ఎంతమంది పేరుకుంటారో టీటీడీ దగ్గర లెక్క ఉంటుంది. ఆ లెక్క ఏఎస్‌ఎల్ సమావేశంలో, అంటే పర్యటనకు ముందు భద్రతా సంస్థలన్నీ కలిసి కూర్చునే సమావేశంలో, బల్ల మీదికి రావాలి. ఎంతసేపు ఆపొచ్చో గరిష్ఠ పరిమితి రాసుకోవాలి. క్యూ వదిలేటప్పుడు గేటు ఎంత వెడల్పు తీయాలి, ముందు ఏ కంపార్ట్‌మెంట్, మైకులో చెప్పేదెవరు, అక్కడ బాధ్యుడైన అధికారి ఎవరు అన్నది పేరుతో సహా ఉండాలి. ఆ పేజీ లేని అంచనా మీద ఏ అధికారీ సంతకం పెట్టకూడదు.